కిల్టులు కుట్టిన చలికాలం

మెక్లీన్ దొరసానమ్మగారు కబురు చేసినప్పుడు నేను ఆడపిల్లల బడిలో నాలుగో తరగతి వాళ్ళ చేత కాజాలు కుట్టిస్తున్నాను. వెళ్ళేసరికి ఆవిడ గదిలో బల్ల మీద ఒక తాను సగం విప్పి ఉంది. ముదురాకుపచ్చ మీద నీలం గళ్ళు, గళ్ళ మధ్యన సన్నటి పసుపు చార. ముట్టుకుంటే గొర్రెపిల్ల వీపు నిమిరినట్టుంది. బందరు ఉక్కలో ఆ ఉన్నిని చూస్తేనే నాకు చెమట పట్టింది.

ఆవిడ పుట్టిన ఊరి చర్చివాళ్ళు స్కాట్లండు నుంచి ఓడలో పంపించారట. ఫిబ్రవరిలో మగపిల్లల బడికి యాభై ఏళ్ళు నిండుతాయి. ఆ రోజు బడి బ్యాండు కుర్రాళ్ళు ఆవిడ దేశపు మగవాళ్ళు నడుముకి చుట్టుకునే కిల్టులు కట్టుకుని, తోలుతిత్తి వాద్యం ఊదుకుంటూ ఊళ్ళో నడవాలని ఆవిడ ముచ్చట. మద్రాసులో కుట్టించడం తేలికే. కానీ ఇక్కడి ఆడవాళ్ళకి నేర్పి వాళ్ళ చేత కుట్టిస్తే ఆ పని ఊళ్ళో మిగులుతుందని ఆవిడ పట్టుదల. రోజూ దీపాలు పెట్టే వేళకి బడి హాల్లో క్లాసు. నేర్పాల్సింది నేను.

"కిల్టు ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదండీ," అన్నాను.

"మీ తండ్రిగారికి తెలుసును కదా," అంది ఆవిడ తన పుస్తకాల తెలుగులో. "వారు స్కాచి పటాలంలో దర్జీగా ఉండిరి."

ఆ సంగతి బందరంతా ఎరుగును. నాకప్పుడు ఇరవై ఏళ్ళు, ఉద్యోగం కొత్త. వెనకా ముందూ చూసుకోకుండా సరేనన్నాను. పంథొమ్మిది వందల ముప్ఫై ఒకటి అది. వానలు ఇంకా వెనకపట్టు పట్టని రోజులు.

మా నాన్న పేరు కృపావరం. ఇంగ్లీషుపాలెంలో మా ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని కుట్టేవాడు. నేను నాలుగేళ్ళ పిల్లనై ఉండగా పటాలంతో బస్రా యుద్ధానికి వెళ్ళి, నాకు ఎనిమిదేళ్ళు వచ్చాక తిరిగొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ మగవాళ్ళ బట్టలు ముట్టుకోలేదు. దోమతెరలు, దిండు గలేబులు, రవికెలు, చర్చి తెరలు, ఇవే ఆయన కుట్టేవి. ఎవరైనా చొక్కా గుడ్డ పట్టుకొస్తే, పక్క వీధిలో ఫలానా ఆయన బాగా కుడతాడని మర్యాదగా చెప్పి పంపేసేవాడు. నాన్నను యుద్ధం సంగతి అడగకూడదన్నది ఆయన తిరిగొచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో ఉన్న కట్టడి. అమ్మ పెట్టింది. ఎందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ సాయంత్రం నాన్నకి విషయం చెప్పాను. ఆయన మిషను ఆపి, సూది కింద గుడ్డను కాసేపు చూసి, "నాకు రాదు," అన్నాడు.

అది అబద్ధమని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. వంటింటి గుమ్మంలో నుంచి అమ్మ నన్ను చూసిన చూపుకి నేనింకేమీ అనలేకపోయాను.

క్లాసుకి పన్నెండు మందిదాకా చేరారు. ఎక్కువమంది మా చర్చి ఆడవాళ్ళే. రేవు దగ్గరి గిలకలదిండి నుంచి వీరలక్ష్మి వచ్చేది. పొద్దున్న చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగి, సాయంత్రం స్నానం చేసి, మళ్ళీ అంతదూరం నడిచి వచ్చేది. వల బాగుచెయ్యడం వచ్చుగానీ గుడ్డ కుట్టడం రాదంది. రెండేళ్ళ కిందట మొగుడు సముద్రంలో పోయాడు. కోర్టు గుమాస్తా నాగభూషణరావుగారి భార్య కామేశ్వరమ్మగారు కూడా వచ్చేది. ఆవిడ తన చాప తనే తెచ్చుకుని కొంచెం ఎడంగా వేసుకునేది. ఇంటికి వెళ్ళగానే నెత్తిన నీళ్ళు పోసుకుంటే తప్ప అత్తగారు వంటింట్లోకి రానివ్వదట. ఆ మాట ఆవిడే నవ్వుతూ చెప్పింది, మా మీద కోపం లేదని తెలియడానికి కాబోలు.

దొరసానమ్మగారు వాళ్ళ నాన్నగారి పాత కిల్టు ఒకటి నమూనాకి ఇచ్చింది. విప్పి చూస్తే తెలిసిపోతుంది కదా అనుకుని కుట్లు విప్పాను. ఏడు గజాల గుడ్డ, నడుం చుట్టూ కుచ్చెళ్ళు. చీర కట్టుకునే వాళ్ళకి కుచ్చెళ్ళు నేర్పాలా అనుకున్నాను. కొలత పెట్టి, సుద్దతో గీసి, అందరి చేతా సమంగా మడతలు పెట్టించాను. తీరా కుట్టాక చూస్తే వెనక భాగంలో గళ్ళన్నీ చెదిరిపోయి, పసుపు చార ఒకచోట రెండై, ఇంకోచోట మాయమై ఉంది. వీరలక్ష్మి దాన్ని రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, పీత పడ్డ వలలా ఉందంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ వెంటనే మిగిలిన తానులు కొలుచుకున్నాను. కత్తిరించకుండా మిగిలిన గుడ్డ లెక్కకి సరిగ్గా సరిపోయేంతే ఉంది. విప్పేసిన దొరసానమ్మగారి తండ్రి కిల్టు కూడా మళ్ళీ యథాప్రకారం కూర్చడం నాకు చేతకాలేదు.

శనివారం నాడు ఆ గళ్ళు చెదిరిన కిల్టు గుడ్డనంతా ఇంటికి తెచ్చి అరుగు మీద పరుచుకుని కూర్చున్నాను. అమ్మ బజారుకి వెళ్ళింది. నాన్న లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. మంచినీళ్ళకని ఒకసారి, సుద్దముక్కకని ఒకసారి. చివరికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"కొలత చూసి మడవకూడదు, గడి చూసి మడవాలి," అన్నాడు.

గుడ్డ అంచు పట్టుకుని, పసుపు చార మీద పసుపు చార వచ్చేలా ఒక మడత పెట్టాడు. దాని పక్కన ఇంకోటి. ఆయన వేళ్ళు వెతుక్కోలేదు. మిగిలిన గుడ్డంతా మడత వెనక్కి జారిపోయి, పైకి మాత్రం గళ్ళు ఎప్పటిలాగే వరసగా నిలబడ్డాయి.

"ఎంత గుడ్డ మడిచినా, వెనక నుంచి చూసేవాడికి అసలు మడవనట్టే ఉండాలి. ఉన్నదంతా లోపలికి పోవాలి. అదే పనితనం."

బజారు నుంచి వచ్చిన అమ్మ వీధిలోనే ఆగిపోయింది. తర్వాత అటు చూడనట్టే చీర కొంగు సర్దుకుని, పక్క గుమ్మం నుంచి లోపలికి వెళ్ళింది.

సోమవారం నుంచి నాన్న నాతో క్లాసుకి వచ్చాడు. కోటు వేసుకుని వచ్చాడు. ఎవరినీ మెచ్చుకునేవాడు కాదు. బాగోలేకపోతే మారుమాట లేకుండా దారం లాగేసి చేతికిచ్చేవాడు. అడుగున అంచు మడిచి కుట్టకూడదనీ, మగ్గం మీది అంచునే మోకాలి దగ్గరికి దించుకోవాలనీ చెప్పాడు. తుంటి దగ్గర వెడల్పుగా ఉన్న కుచ్చెళ్ళు నడుం దగ్గరికి వచ్చేసరికి సన్నబడాలని, ఆ సన్నబడడం కంటికి కనిపించకూడదని చెప్పాడు. తను ఒకటి చేసి చూపించి, తక్కినవి నా చేత చెప్పించేవాడు. నేను తప్పు చెబితే అందరి ఎదుటా దిద్దేవాడు కాదు. ఇంటికొచ్చేటప్పుడు దారిలో చెప్పేవాడు. కామేశ్వరమ్మగారి చేతి కుచ్చెళ్ళు తీరుగా వచ్చేవి. వీరలక్ష్మి కుట్టు గట్టి. రెండు వారాలు తిరిగేసరికి నాలుగు కిల్టులు నిలబడ్డాయి.

ఇంట్లో కూడా ఏదో మారింది. మధ్యాహ్నమే అమ్మ బొగ్గులు రాజేసి నాన్న కోటు ఇస్త్రీ చేసి కొక్కానికి తగిలించేది. అన్నాలప్పుడు నాన్న క్లాసులో జరిగినవి చెబుతుంటే అమ్మ కబుర్లు అడిగేది. వీరలక్ష్మి పీత మాట చెబితే ఆవిడ పొలమారేదాకా నవ్వింది. వాళ్ళిద్దరూ అన్నిసేపు మాట్లాడుకోవడం నేనెరగను.

కార్తీకంలో ముసురు పట్టింది. సముద్రం మీద వాయుగుండమన్నారు. ఆ రోజు ఇంట్లో టాకాలు వేసిన రెండు కిల్టులు గుడ్డలో చుట్టి, తాటాకు గొడుగు కింద పట్టుకుని నేను బడికి బయల్దేరాను. నాన్న అప్పటికే వెళ్ళాడు. కోనేరు దగ్గర గాలికి గొడుగు తిరగబడింది. హాల్లోకి వెళ్ళేసరికి మూట నీళ్ళు కారుతోంది. పెట్రొమాక్సు దీపం దగ్గర బల్ల మీద విప్పాను. ఆ వేడికి తడి ఉన్ని వాసన హాలంతా కమ్ముకుంది. తడిసిన గొర్రెల మంద వాసన. కొందరు ముక్కులు మూసుకున్నారు.

నాన్న కత్తెర కింద పెట్టేశాడు. లేచి వెనక వరండాలో నీళ్ళతొట్టి దగ్గరికి వెళ్ళాడు. చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుని, వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కున్నాడు. అందరూ సూదులు ఆపి అటే చూశారు. నేను వెళ్ళబోతే కామేశ్వరమ్మగారు తల అడ్డంగా ఊపి, పెద్దవాళ్ళని ఇలాంటప్పుడు కదిలించకూడదమ్మాయ్ అని మెల్లగా అంది. నేను కూర్చున్నాను. అది మా ఇంట్లో నాకు అలవాటైన పనే.

వీరలక్ష్మి మాత్రం లేచి వరండా గుమ్మందాకా వెళ్ళింది.

"ఆ వాసన కడిగితే పోదు బాబాయిగారూ," అంది. "మా పడవ తిరిగొచ్చినప్పుడు మా ఆయన చొక్కా తెరచాప కొయ్యకి కట్టి ఉంది. ఆయన లేడు. దాన్ని నేనే ఉతికాను. ఇప్పుడు మా మరిది తొడుక్కుంటున్నాడు. గుడ్డ బాగుంది గదాని నేనే ఇచ్చాను. ఎదురుగా తిరుగుతుంటే చూస్తూనే ఉన్నాను." ఆయన చేతుల వంక చూసి అడిగింది. "మీరు ఎవరివి ఉతికారండీ?"

నాన్న చెంబు తొట్టి గట్టున పెట్టాడు. చేతుల నుంచి నీళ్ళు కారుతుండగా అక్కడే వరండా గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. గడి చూసి మడవడం ఎలాగో చెప్పినట్టే చెప్పాడు.

అక్కడ నది ఒడ్డున దర్జీల గుడారం. కొత్త బట్టల ఓడలు అందడం లేదు. కొత్త సిపాయిలు మాత్రం వస్తూనే ఉన్నారు. ఆస్పత్రి నుంచి పోయినవాళ్ళవీ గాయపడ్డవాళ్ళవీ కిల్టులు మూటలుగా వచ్చేవి. ఉతకాలి, కుట్లు విప్పాలి, చిరిగినచోట లోపలి మడత నుంచి ముక్క తీసి అతకాలి, కొత్తవాడి నడుముకి సరిచెయ్యాలి. ఎంత ఉతికినా పైన ఉన్నదే పోయేది. కుచ్చెళ్ళు విప్పితే మట్టీ నెత్తురూ గడ్డకట్టి లోపలే ఉండేవి. వానాకాలం గుడారం నిండా ఈ వాసనే. వచ్చినవాటిలో చాలామటుకు ఆయన కుట్టినవే. ఎవరి కుట్టు వాళ్ళకి తెలుస్తుంది గదా అన్నాడు.

"ఒక కుర్రాడుండేవాడు. నడుం కొలవబోతే చక్కిలిగిలి. నవ్వు ఆపుకోలేకపోయేవాడు. టేపు జారిపోయేది, మళ్ళీ కొలిచేవాణ్ణి. వాడి కిల్టు మూటలో వచ్చింది. ఇంకొకడికి సరిచేసి ఇచ్చాను. అదే మళ్ళీ మూటలో వచ్చింది. మూడోవాడు గుడారం బయట నిలబడ్డాడు, కొలత ఇవ్వడానికి. అది కుట్టడానికి పనికిరాదని సార్జంటుతో చెప్పి ఇసకలో పాతిపెట్టాను." నాన్న అరచేతులు చూసుకున్నాడు. "పనికొచ్చేదే."

 కామేశ్వరమ్మగారు చాప మీద నుంచి లేచింది. తొట్టిలో చెంబు ముంచి నాన్న చేతుల మీద నీళ్ళు పోసింది. ఆయన చాలుననేదాకా పోస్తూనే ఉంది.

నాన్న కోటు అంచుకి చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చాడు. "ఆ తడి గుడ్డలు ఇటు తీసుకురా సువార్తా. తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే మడత నిలుస్తుంది," అన్నాడు.

ఆ మర్నాడు పొద్దున వీరలక్ష్మి రొయ్యలు తెచ్చింది. మా ఇంటికి ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. నేను లోపల జడ వేసుకుంటున్నాను. గంప దించుకుంటూ, నిన్న బాబాయిగారు ఆ సంగతి చెప్పాక ఆ నవ్వే పిల్లోడు తన కళ్ళలోంచి పోవడం లేదని అమ్మతో అంది. ఏ పిల్లోడని అడిగింది అమ్మ. ఇంటావిడకి తెలియకుండా ఉంటుందని ఆ మనిషి అనుకోలేదు. నేను జడ సగంలో వదిలేసి వచ్చేసరికే మొత్తం చెప్పేసింది.

అమ్మ రొయ్యలు తీసుకుంది. ఆవిడ మాటలకి తల ఊపింది. కొసరు కూడా అడిగింది. తర్వాత పెరట్లో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తూ కూర్చుంది. ఆ మధ్యాహ్నం బొగ్గులు రాజెయ్యలేదు. నాన్న కోటు నలిగినది నలిగినట్టే వేసుకుని వచ్చాడు.

అమ్మ పోట్లాడలేదు. వేళకి అన్నం పెట్టేది. అడిగినదానికి జవాబు చెప్పేది. కానీ తనంతట తను ఒక్కమాటా కదిపేది కాదు. నాలుగు రోజులు చూసి, అమ్మకి ఒంట్లో బాగాలేదా అని నాన్న నన్ను అడిగాడు. వీరలక్ష్మి చెప్పేసిందన్నాను. ఆయన చాలాసేపు సూదిలో దారం ఎక్కించడానికి చూసి, ఎక్కక పక్కన పెట్టేశాడు. "ఆవిడకి నేనే చెప్పాల్సింది," అన్నాడు. ఆ మాట అమ్మ దగ్గరికి వెళ్ళి మాత్రం అనలేకపోయాడు.

డిసెంబరులో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక దుప్పట్లు మడత పెడుతూ నేనే అమ్మని కదిపాను. నువ్వు అడిగి ఉంటే నీకూ చెప్పేవాడేమోనన్నాను. అమ్మ దుప్పటి కొసలు వదల్లేదు.

"తిరిగొచ్చిన రోజున గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగాడు మీ నాన్న. తన ఇంట్లోకి తను. అప్పుడే అనుకున్నాను, ఈ మనిషిని ఏమీ అడగకూడదు, అడిగితే ఇలాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడని. అడక్కపోవడమే నేను చేసే సేవ అనుకున్నానే. నిన్ను కూడా అడగనివ్వలేదు." దుప్పటి చేతికిచ్చి, "ఆ చేపలావిడ ఒక్కమాట అడిగింది. ఆయన చెప్పాడు. అంతే పని," అంది.

"ఇప్పుడైనా అడుగు."

"ఊరందరూ విన్నాక నాకు వినడానికి ఏం మిగిలిందని?"

నేను దుప్పట్లు పెట్టెలో సర్దాను. క్లాసు మాత్రం సాగింది. ఆ రోజు తర్వాత నాన్న మాటల్లో కొంచెం సడలింపు వచ్చింది. నడుం పట్టీ దగ్గర వీరలక్ష్మి చేసిన పని చూసి, బాగుందని పైకే అన్నాడు. కుర్రాళ్ళని హాలుకి పిలిపించి కొలతలు తీసేటప్పుడు మాత్రం టేపు నాకిచ్చి తను బయట వరండాలో నిలబడ్డాడు. జనవరి నెలాఖరుకి పద్నాలుగు కిల్టులు గోడవారగా వరసగా వేలాడాయి. దొరసానమ్మగారు వాటి వెనక నడుస్తూ ఒక్కొక్క దాన్నీ వేలితో తాకింది. నేను విప్పేస్తే నాన్న మళ్ళీ కూర్చిన తన తండ్రిగారి కిల్టు దగ్గరికి వచ్చేసరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

యాభై ఏళ్ళ పండగ రోజున ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. ముందు నవ్వారు. మీసాలు మొలుస్తున్న కుర్రాళ్ళు పావడాలు కట్టుకున్నారని ఈలలు వేశారు. కుర్రాళ్ళు సిగ్గుతో కాళ్ళు తడబడుతూ నాలుగడుగులు వేశారు. ఇంతలో తిత్తులు గాలి నింపుకుని ఒక్కసారిగా మోగేసరికి జనం నోళ్ళు మూతపడ్డాయి. అడుగులు కుదిరాయి. అడుగు అడుగుకీ కుచ్చెళ్ళు విచ్చుకుని మళ్ళీ గళ్ళు గళ్ళుగా సర్దుకుంటున్నాయి. అందరూ వాద్యాల వంక చూస్తుంటే మా క్లాసు ఆడవాళ్ళం మాత్రం కుర్రాళ్ళ వెనకే నడుస్తూ కుచ్చెళ్ళు చూసుకున్నాం. కామేశ్వరమ్మగారు ఆ రోజు చాప తేలేదు, మా మధ్యనే నడిచింది. వరసలో మూడోవాడి కిల్టు తను కుట్టిందేనని వీరలక్ష్మి దారిన పోయేవాళ్ళకి కూడా చెప్పింది.

నాన్న రాలేదు. తలనొప్పిగా ఉందన్నాడు. ఇంటి దగ్గర ఒక మనిషి ఉండాలి గదా అని అమ్మ కూడా ఆగిపోయింది.

పొద్దు వాలేవేళకి నేను ఇంటికి చేరాను. ఎంత బాగా జరిగిందో చెప్పాలని గబగబా పెరటి వసారాలోకి వెళ్ళాను. అమ్మ ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాన్న ఎదురుగా కింద కూర్చుని ఏదో చెబుతున్నాడు. నన్ను చూసి ఆగాడు. అమ్మ నావైపు తిరక్కుండానే చెయ్యెత్తి నన్ను గుమ్మంలోనే ఆపింది.

"చెప్పండి," అంది ఆయనతో. "ఆ పిల్లాడి పేరేమిటి?"

మా పన్నెండు మందిలో ఎవరికీ ఆ మాట అడగాలని తోచలేదు. వీరలక్ష్మికి కూడా తోచలేదు.

నాన్న చేటలో చిక్కుడు గింజల్ని వేలితో పక్కకి జరిపాడు. "డంకన్," అన్నాడు. "అందరూ డంకీ అనేవాళ్ళు."

అమ్మ పలకబోయింది, నోరు తిరగలేదు. నాన్న విడగొట్టి మెల్లగా చెప్పాడు. అమ్మ మళ్ళీ అంది. ఈసారి సరిగ్గానే వచ్చింది. నాన్న తల ఊపాడు. ఆ తర్వాత అమ్మ చేట పక్కన పెట్టి, ఆ పిల్లాడి తల్లికి ఎంతమంది పిల్లలని అడిగింది.

నేను చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి వీధరుగు మీద కూర్చున్నాను. దీపాలు పెట్టేదాకా వాళ్ళు నన్ను లోపలికి పిలవలేదు.